ఆరె, దబ్బనం, పోకర్: గుచ్చి బెజ్జం చేసే పనిముట్టుకి మన మాట ఏది?

ఇంగ్లీషు నుంచి తెలుగులోకి తెచ్చే పుస్తకాల్లో ఒక చిన్న పనిముట్టు దగ్గర అనువాదం తరచూ జారిపోతోంది. ఇంగ్లీషులో దాన్ని 'ఆల్' అంటారు. గుప్పిట్లో ఇమిడే చెక్క పిడి, అందులో దిగేసిన సన్నటి ఉక్కు ముల్లు. తోలునో అట్టనో చెక్కనో గుచ్చడానికి వాడతారు. తెలుగులో దీన్ని కొందరు 'సూది' అని రాస్తున్నారు, కొందరు 'మొనదేలిన పరికరం' అంటున్నారు. సూదికి బెజ్జం ఉంటుంది, పిడి ఉండదు. దీనికి పిడి ఉంటుంది, బెజ్జం ఉండదు. పైగా 'మొనదేలిన పరికరం' అంటే బల్లెం కావచ్చు, గునపం కావచ్చు, పెన్సిలైనా కావచ్చు. చదివేవాడికి బొమ్మ కట్టదు.

మనకి దీనికి చక్కటి మాట ఉంది: ఆరె.

చెప్పులు కుట్టే మనిషి ముందు పరుచుకునే సామానులో ముఖ్యమైనవి మూడు: ఆరె, రంపె, గూటం. రంపె తోలు కోసి అంచు పలచన చేసే వెడల్పాటి కత్తి. కొన్నిచోట్ల రంపి అంటారు. గూటం తోలును చదును చేసి అతుకును అణిచేది. ఆరె గుచ్చేది. మన దగ్గరి ఆరెకి మొన పక్కన చిన్న గాడి ఉంటుంది. దాన్ని తోలులో గుచ్చి కిందికి దింపుతారు, అడుగున ఎడమచేత్తో పట్టుకున్న దారాన్ని ఆ గాడికి తగిలిస్తారు, ఆరెని వెనక్కి లాగితే దారం ఉచ్చులా పైకి వస్తుంది. పైనున్న దారం కొసను ఆ ఉచ్చులోంచి పోనిచ్చి రెండు పక్కలా బిగిస్తారు. బెజ్జం చేసేదీ దారం లాగేదీ ఒక్క పనిముట్టే. ఐరోపా చర్మకారుల దగ్గర గాడి లేని ఆరె ఎక్కువ. వాళ్లు ముందు దానితో బెజ్జం చేసుకుని, తర్వాత రెండు సూదులతో ఆ పక్కనుంచీ ఈ పక్కనుంచీ దారం దూర్చి కుడతారు.

ఈ మాట వయసు చూస్తే నాకు గౌరవం కలుగుతుంది. అమరకోశం 'ఆరా చర్మప్రభేదికా' అంటుంది, అంటే తోలును భేదించేది. అంతకంటే చాలా వెనక్కి, ఋగ్వేదం ఆరో మండలం 53వ సూక్తంలో పూషుడి చేతిలో ఉన్నది ఈ ఆరాయే. పూషుడు దారులకీ పశువులకీ దేవుడు. 'పరి తృంధి పణీనామ్ ఆరయా హృదయా కవే' అని ఋషి వేడుకుంటాడు. ఓ కవీ, పణుల గుండెల్ని ఆరెతో గుచ్చు అని. పణులు ఇవ్వడానికి చెయ్యి రాని పిసినారులు. గుండె గట్టిపడిన తోలులా ఉంటే దానికి తగిన పనిముట్టు ఇదేనని ఆ ఋషికి తట్టింది.

పాళీలోనూ ఉంది. ధమ్మపదం చివరి అధ్యాయంలో 'వారి పోక్ఖరపత్తే వ, ఆరగ్గేరివ సాసపో' అని వస్తుంది. తామరాకు మీద నీటిబొట్టు, ఆరె మొన మీద ఆవగింజ. కోరికలు ఎవరికి అలా అంటకుండా జారిపోతాయో అతణ్నే నేను బ్రాహ్మణుడంటాను అని బుద్ధుడి మాట. తామరాకు పోలిక మనందరి నోళ్లలోనూ ఉంది. ఆరె మొన మీద ఆవగింజ పోలిక మాత్రం మన దగ్గర ఎవరూ ఎత్తరు. అమరావతి స్తూపం పక్కన పుట్టి పెరిగిన మనకి అది తెలియకుండా పోవడం నాకు వెలితిగా అనిపిస్తుంది.

ఇక ఐరోపా వైపు. పాత జర్మన్‌లో 'ఆలా', ఇప్పటి జర్మన్‌లో 'ఆలె', ఇంగ్లీషులో 'ఆల్'. సంస్కృత 'ఆరా'కీ వీటికీ చుట్టరికం ఉందని భాషా చరిత్రకారులు చెప్తారు. అక్కడ లకారం, ఇక్కడ రేఫ. ఆ జర్మన్ కుదురులోంచే ఫ్రెంచి 'అలెన్', స్పానిష్ 'లెస్న', ఇటాలియన్ 'లేజినా' వచ్చాయి. ఇటాలియన్ మాట కథ మరీ బాగుంటుంది. 16వ శతాబ్దంలో అక్కడ పిసినారుల సంఘం ఒకటి ఉన్నట్టు కల్పించి ఒక హాస్యరచన చేశారు. కుట్టుకూలి మిగుల్చుకోవడానికి తమ చెప్పులు తామే కుట్టుకునే ఆ సంఘానికి గుర్తు ఆరె. అందుకే ఇటాలియన్‌లో 'లేజినారె' అంటే పిసినారితనం చేయడం, ఫ్రెంచిలో 'లేజినే' అన్నా అదే. పిసినారుల గుండె గుచ్చమని వేదంలో చేతికిచ్చిన పనిముట్టు, అంత దూరాన పిసినారుల జెండా మీదికి ఎక్కింది. రెండింటికీ ఒకదానితో ఒకటి సంబంధం లేదు. అయినా పక్కపక్కన పెట్టి చూడకుండా ఉండలేకపోయాను.

మిగతావాళ్లలో చాలామంది ఈ పనిముట్టుకి 'కుట్టు' అనే క్రియలోంచి పేరు పెట్టుకున్నారు. లాటిన్‌లో 'సుబులా', రష్యన్‌లో 'షీలొ', పోలిష్‌లో 'షిద్‌వొ', అన్నీ ఆ భాషల్లోని 'కుట్టడం' అనే మాటకి పిల్లలు. లాటిన్ సుబులా గ్రీసుకి వెళ్లి 'సూవ్లా' అయి, మాంసం గుచ్చి కాల్చే ఊచకి పేరైంది. ఇప్పుడు హోటళ్లలో కనిపించే సూవ్లాకి అంటే చిన్న ఊచ అని. పారశీకంలో 'దెరఫ్ష్' అంటే ఆరె, జెండా కూడా. అక్కడి పురాణకథల్లో కమ్మరి కావె తన తోలు ముందుగుడ్డని కర్రకి కట్టి ఎత్తిన జెండాకి కూడా ఆ పేరే.

కుట్టు అన్న మాట మన దగ్గరా విశాలమే. బట్ట కుడతాం, చెప్పు కుడతాం, పిల్లలకి చెవులు కుట్టిస్తాం. తేలు కుడుతుంది, చీమ కుడుతుంది. గుచ్చడమూ కలపడమూ ఒక్క క్రియలో ఉన్నాయి. చెవి కుట్టినప్పుడు కలిపేదేమీ లేదు, బెజ్జమే. కాబట్టి తెలుగు 'కుట్టు'లో గుచ్చడమే మొదటి అర్థమని నా అభిప్రాయం. కలపడం తర్వాతి పని.

మీ ఊళ్లో దీన్ని ఏమంటారు? బైండింగు షాపుల్లో, ఆఫీసుల్లో, వడ్రంగం దగ్గర, మగ్గం దగ్గర వాడే మాటలు కూడా రాయండి.

గుంటూరు మిర్చి యార్డులో పనిచేసే సభ్యుడు:
అన్నా, మా దగ్గర దబ్బనం. టిక్కీ (మిర్చి బస్తా) మూతి కుట్టాలంటే దబ్బనం, పురికొస. జానెడు పొడుగుంటుంది, మొన దగ్గర కొంచెం పలకగా చేసి కాస్త వంచుతారు, వెనక పురికొస దూర్చే బెజ్జం ఉంటుంది. ఇప్పుడు సంచులు కుట్టే చేతిమిషన్లు వచ్చాయి గానీ, కరెంటు పోయినా మిషన్ మొరాయించినా మళ్లీ దబ్బనమే. దీన్ని ఆరె అనొచ్చా?

జవాబు:
అనకూడదు తమ్ముడూ. బెజ్జం ఉందని నువ్వే చెప్పావు, కాబట్టి దబ్బనం సూది ఇంటిది, పెద్దన్న లాంటిది. కన్నడంలోనూ 'దబ్బణ' అనే అంటారు. తమిళులు గోనెని 'కోణి' అంటారు గనక దీన్ని 'కోణి ఊసి' అన్నారు.

నువ్వు గోనె సంచి మాట ఎత్తావు గనక ఒకటి చెప్పాలి. ఆరెని గోనెలో దాచలేవు అని రష్యన్ సామెత. ఎంత లోపల పెట్టినా మొన బయటికి పొడుచుకొస్తుంది, అంటే నిజం దాగదు అని. పోలిష్‌లో 'ఆరె గోనెలోంచి బయటికొచ్చింది' అంటారు. హీబ్రూలో కూడా అచ్చంగా అలాగే అంటారు. చైనాలో ఇదే బొమ్మ ఉంది, అర్థం మాత్రం వేరు. పూర్వం ఒక ప్రభువు దగ్గర మావొ స్వే అనే కొలువువాడు మూడేళ్లుగా ఎవరి కంటా పడకుండా ఉన్నాడు. రాయబారానికి నన్నూ తీసుకెళ్లండని అడిగితే, 'సమర్థుడు సంచిలో పెట్టిన ఆరెలాంటివాడు, మొన వెంటనే కనపడుతుంది, నీది ఇన్నేళ్లూ కనపడలేదే' అన్నాడు ప్రభువు. 'నన్ను సంచిలో పెట్టమనే ఇవాళ అడుగుతున్నాను, ముందే పెట్టి ఉంటే మొనేం ఖర్మ, ముల్లంతా బయటికి వచ్చేది' అన్నాడతను. వెళ్లి పని సాధించుకొచ్చాడు. చైనీయులు, జపాన్‌వాళ్లు ఇప్పటికీ ప్రతిభ దాగదు అనడానికి సంచిలో ఆరె అంటారు. పోలండులో అదే ఆరె బయటపడితే ఎవరి గుట్టో రట్టయిందన్నమాట. సంచి ఒకటే, ఆరె ఒకటే. ఒకరు దాన్లో దాచిన తప్పుని చూశారు, ఇంకొకరు దాగని తెలివిని చూశారు.

చైనీయులకి 'ఆరె నిలబెట్టేంత చోటు' అనే మాట కూడా ఉంది. అక్కడ మనం సూది వాడతాం. సూది మొన మోపినంత నేల కూడా పాండవులకి ఇవ్వనన్నాడు దుర్యోధనుడు.

విజయవాడలో ఆఫీసు ఉద్యోగి:
మా సెక్షన్‌లో దీన్ని 'పోకర్' అంటామండీ. ఫైల్లో కాగితాలన్నీ సర్ది, ఎడమ పైమూల పోకర్‌తో పొడిచి, ట్యాగ్ వేస్తాం. పంచింగ్ మెషీన్‌లో పట్టనంత మందం ఉంటే పోకరే దిక్కు. పిడి ఉంటుంది, బెజ్జం ఉండదు. మీరు చెప్పిన ఆరె లక్షణాలన్నీ ఉన్నాయి.

జవాబు:
ఇది నిజంగా విలువైన సమాచారం. ఇంగ్లీషువాళ్లు ఇంట్లో పోకర్ అనేది పొయ్యిలో నిప్పులు కదిపే ఊచని. మన స్టేషనరీ షాపులో అది కాగితాలు గుచ్చే ముల్లు అయింది. అందరూ వాడుతున్న మాట గనక పోకర్‌ని తీసేయమని నేను అనను. కథలో గుమస్తా వస్తే అతని చేతిలో పోకర్ ఉండాల్సిందే. చర్మకారుడి చేతిలో మాత్రం ఆరె ఉండాలి.

తెనాలి నుంచి ఒక ఉపాధ్యాయురాలు:
మా చర్చిలో చదివే తెలుగు బైబిల్లో నిర్గమకాండం 21వ అధ్యాయంలో ఒక చోటుంది. ఏడో ఏట విడుదలయ్యే దాసుడు నేను వెళ్లను, యజమానితోనే ఉంటాను అంటే, అతణ్ని తలుపు దగ్గరికి తీసుకెళ్లి చెవిని 'కదురుతో గుచ్చవలెను' అని. ఇంగ్లీషు బైబిల్లో అక్కడ 'ఆల్' అనే ఉంది. కదురు అంటే రాట్నానిది కదా సార్? చిన్నప్పటినుంచీ నాకు ఆ అనుమానం ఉంది.

జవాబు:
మేడమ్, మీ అనుమానం సరైనదే. కదురు రాట్నంలో నూలు చుట్టుకునే ఇనప ముల్లు. హీబ్రూ మూలంలో ఉన్న మాట 'మర్చేయ'. గుచ్చు అనే క్రియలోంచి పుట్టింది, ఆ వాక్యంలో క్రియ కూడా అదే. అంటే 'గుచ్చుడుముల్లుతో గుచ్చాలి' అన్నట్టు మూలంలో ఒకే మాట రెండుసార్లు మోగుతుంది. తెలుగు చేసినవాళ్లు కదురు ఎందుకు తీసుకున్నారో ఊహించగలం. అప్పటి ఊళ్లలో రాట్నం లేని వీధి తక్కువ. కదురు చూడని మనిషి ఉండడు, దాని మొన వాడి అందరికీ తెలుసు. వినేవాడికి వెంటనే అర్థమయ్యే మాట పట్టుకున్నారు. ఆ జాగ్రత్త నాకు నచ్చింది. ఇవాళ రాట్నం ఇళ్లలో లేదు, చెప్పులు కుట్టే మనిషి మాత్రం ఇప్పటికీ వీధి మలుపులో ఉన్నాడు. ఇప్పుడు కొత్తగా తెలుగు చేస్తే నేను 'ఆరెతో' అనే రాస్తాను.

ఒక సభ్యుడు:
ఆరె అన్న మాట మా ఇంట్లో ఎప్పుడూ వినలేదు. ఒక కులం వృత్తిలో మాట అది. మాండలికం అనొచ్చేమో. శిష్ట వ్యవహారంలో లేని మాటని అనువాదంలో పెడితే పాఠకుడికి అడ్డు తగులుతుంది.

జవాబు:
అండీ, మీరు సూటిగా అడిగారు, నేనూ సూటిగా చెప్తాను. మీ ఇంట్లో వినలేదంటే కారణం మాటలో లేదు. ఆ పని చేసే మనుషుల్ని ఊరికి దూరంగా పెట్టారు, వాళ్ల మాటలూ దూరంగానే ఉండిపోయాయి. మాదిగ వాడల్లో ఆరె, రంపె, గూటం చిన్నపిల్లాడికి కూడా తెలిసిన మాటలు. అక్కణ్నుంచి వచ్చిన కవులు, కథకులు వాటిని గర్వంగా రాస్తున్నారు. రైతు నాగలికి కర్రు, మేడి అని రాసినప్పుడు ఇది ఒక వృత్తి మాట, అడ్డు తగులుతుంది అని ఎవరూ అనలేదు. వడ్రంగి బాడిస, కంసాలి కమ్మచ్చు ఎప్పుడో మన రచనల్లోకి వచ్చేశాయి. ఆరె దగ్గరికి వచ్చేసరికి మాత్రం శిష్టత గుర్తుకొస్తోంది. వేదంలో, అమరకోశంలో, ధమ్మపదంలో చోటున్న మాటకి మన వచనంలో చోటు లేదనడం నాకు బాధగా ఉంది. పాఠకుడికి తెలియదేమోనన్న టెన్షన్ అక్కర్లేదు. 'పిడి పట్టుకుని ఆరెని తోలులోకి దింపాడు' అని రాస్తే తెలియనివాడికి కూడా వాక్యంలోనే తెలిసిపోతుంది.

ఇంకొక చిన్న వివరం. పాత తెలుగులో మరాఠాలని ఆరెలు అన్నారు, ఆరె అనే చెట్టూ ఉంది. ఆ రెండూ వేరే మాటలు, దీనితో కలపొద్దు.

విజయవాడ వన్‌టౌన్‌లో మగ్గం వర్క్ చేసే సభ్యురాలు:
అన్నయ్యా, మీరు చెప్పిన గాడి ముల్లు మా చేతిలోనే ఉంది! కస్టమర్లు మగ్గం వర్క్ అంటారు, బోర్డు మీద 'ఆరీ వర్క్' అని రాస్తాం. సూదికి చెక్క పిడి ఉంటుంది, మొన దగ్గర సన్నటి కొక్కెం. గుడ్డని ఫ్రేముకి బిగించి, దారం కింద ఎడమచేత్తో పట్టుకుని, పైనుంచి గుచ్చి కొక్కేనికి తగిలించి లాగితే ఉచ్చు పైకొస్తుంది. ఆ ఉచ్చులోంచే మళ్లీ గుచ్చితే గొలుసు కుట్టు. ఆరీ అంటే ఏదో హిందీ పేరనుకున్నాం ఇన్నాళ్లూ. ఇది చెప్పులు కుట్టే ఆరెయేనా?

జవాబు:
అదేనమ్మా. గుజరాత్‌లో, కచ్‌లో తోలుపని చేసే మోచీలు తమ ఆరీతోనే తోలు మీద గొలుసు కుట్టు వేసేవారు. తర్వాత అదే ఆరీని ఇంకా సన్నగా చేసి పట్టు మీద, నూలు బట్ట మీద కుట్టారు. దాన్ని ఇప్పటికీ 'మోచీ భరత్' అంటారు, భరత్ అంటే అక్కడ ఎంబ్రాయిడరీ. రాజుల కొలువులకి, దూరదేశాల బజార్లకి ఆ కుట్టు వెళ్లింది. నువ్వు రాసిన వివరం నేను పైన చెప్పిన చెప్పుల కుట్టుతో పోల్చి చూడు. గుచ్చడం, కింద దారం, గాడికి తగిలించడం, ఉచ్చు పైకి లాగడం, అన్నీ ఒకటే. ఉచ్చులోంచి దారం కొస పోనిస్తే చెప్పు కుట్టు, ఉచ్చులోంచి ఆరెనే మళ్లీ గుచ్చితే నీ గొలుసు కుట్టు. పెళ్లి జాకెట్టు మీద ఆరీ వర్క్ చేయించుకున్న ప్రతి ఇంట్లోకీ ఈ మాట వచ్చేసింది. పైన ఒక పెద్దమనిషి మా ఇంట్లో వినలేదన్నారు, వాళ్ల బీరువాలో కూడా ఉండే ఉంటుంది. మీ షాపులో పిల్లలకి పని నేర్పేటప్పుడు ఈ సంగతి చెప్పమ్మా. అది చర్మకారుల చేతుల్లోంచి వచ్చిన విద్య అని వాళ్లకి తెలియాలి.

మంగళగిరి నుంచి ఒక సభ్యుడు:
ఇనుము రాకముందు ఆరె ఉండేదా? వడ్రంగి బరమా కూడా ఈ లెక్కలోకి వస్తుందా?

జవాబు:
ఉండేది, ఎముకతో. కర్నూలు వైపు బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహల్లో 1880ల్లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ తవ్వించినప్పుడు ఎముక పనిముట్లు దొరికాయి. ఫుట్ వాటిలో ఆరెల్ని కూడా గుర్తించాడు. ఆల్ప్స్ మంచులో 1991లో బయటపడిన, 5,000 ఏళ్లు దాటిన మనిషి నడుముసంచిలో కూడా ఎముక ఆరె ఉంది.

బరమా వేరు. అది తిప్పితే పనిచేస్తుంది, చెక్కని పొడి చేసి పొట్టుగా బయటికి తోస్తుంది. మాట ఉర్దూ నుంచి వచ్చింది. తమిళంలో దాన్ని 'తురప్పణం' అంటారు, తొలిచేది అని. మనకి కూడా తొలుచు, తొర్ర ఉన్నాయి. ఆరె ఏదీ తీసెయ్యదు, తోలు పోగుల్ని పక్కకి జరిపి దారి చేస్తుంది. అందుకే దారం బిగించాక తోలు మళ్లీ దగ్గరికొచ్చి దారాన్ని పట్టుకుంటుంది. తెలుగులో ఈ తేడాలకి మాటలు సిద్ధంగా ఉన్నాయి. కుండకి పడేది చిల్లు, దొంగ గోడకి వేసేది కన్నం, చెట్టుకి ఉండేది తొర్ర, ఎలుకది కలుగు, పీతది బొరియ. ఆరె చేసేదాన్ని బెజ్జం అనాలి. అనువాదాల్లో అన్నింటికీ కలిపి 'రంధ్రం' అని రాస్తున్నారు. ఆ మాట మీద వేరే చర్చ మొదలుపెడదాం, చెవి బెజ్జం, ముక్కు బెజ్జం, పిల్లనగ్రోవి బెజ్జాలు, మీ ఊరి వాడుకలు పట్టుకురండి.